కంచె మీద పెళ్లిచీర

జమ్ములదిన్నె, అద్దంకి దగ్గర
మార్చి నెల, శుక్రవారం

గుంటూరు బ్రాడీపేట లక్ష్మీనరసింహం పంతులుగారి అమ్మాయి మహతికి,

దూదేకుల హయాత్ భార్య సర్దార్‌బీ చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నది నా కొడుకు జాన్ బాషా. దస్తూరీ వాడిది, మాట నాది. నీ క్షేమం అడగను. ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదు పెద్దమ్మా" అంటావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు, కట్ చేయడానికి మీటా ఉండదు. అందుకని కాగితం.

మీ ఇంట్లో మీరు వీపు వాల్చిన పరుపులన్నీ మా ఇంటాయన ఏకిన దూది. ఆ చనువుతోనే మిరప తొలికోతప్పుడు వచ్చావు. లోకమంతా తిరిగి రాస్తానన్నావు, మా ఊరూ రాస్తానన్నావు. సరే అన్నాను. నాలుగు రోజులు నా ఇంట తిన్నావు. నువ్వు తినవని కోడి కూడా కొయ్యలేదు, నా కోడలు నస్రత్ నీకు వేరే గిన్నెలో పప్పు వండింది. అది రాశావా? రాయలేదు.

రాసింది ఏమిటి? అడివిది చేలో పడకుండా మేం చుట్టూ పాత చీరలు కడతాం. (దాని పేరు నా నోటితో పలకను, అందుకే అడివిది అంటాం.) ఒకరోజంతా ఒంటిమీద కట్టుకుని పని చేసి, ఉతక్కుండా కట్టాలి. మనిషి చెమట వాసనకి అది దగ్గరికి రాదు. అంతవరకు నిజమే రాశావు. ఆ తర్వాత "ఈ ఊరి ఆడవాళ్లు పంట కోసం పెళ్లిచీరను కూడా కంచెకు కట్టేస్తారు" అని రాశావు. పక్కన ఫోటో. ఎర్రచీర, మామిడిపిందెల అంచు.

ఆ చీర నేసింది చీరాలలో నా వియ్యంకుడు హుస్సేన్ సాహెబ్. కూతురి నిఖాకి తన మగ్గం మీద తనే నేశాడు. పోయిన ఆదివారం నీ రాత అచ్చయిన వారపత్రిక చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. మంచినీళ్లు ముట్టలేదు.

"వదినా, నా కూతుర్ని కాపురానికి పంపాను. పందులకి కాపలా పెట్టమని పంపలేదు" అన్నాడు. ఆ మాట నా గుమ్మంలో నిలబడి అన్నాడు.

నస్రత్‌ని ఆటో ఎక్కించి తీసుకెళ్లిపోయాడు. మావాడు ఆటో వెనక రోడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

మేం పెళ్లిచీర కంచెకి కట్టలేదు. నా ఇంట్లో అలాంటి పని జరగదు. నువ్వు కంప్యూటర్‌లో అతికించి ఉంటావు. అదే పత్రికలో, అంతే పెద్ద ఫోటో వేసి, "నేను రాసింది అబద్ధం" అని రాయి. రాశాక నాకు పంపు, చీరాల తీసుకెళ్లి చూపిస్తాను.

రాయకపోతే మీ వీధిలోకి వచ్చి మాట్లాడతాను. నా గొంతు నీకు తెలుసు.

సర్దార్‌బీ వేలిముద్ర

*

మికుమి అడవి అంచున, టాంజానియా
ఏప్రిల్ 11

సర్దార్‌బీ పెద్దమ్మకు, నమస్కారం.

నీ ఉత్తరం నాన్న ఫోటో తీసి పంపారు. కాగితమే కావాలన్నావు కాబట్టి నేనూ చేత్తో రాసి ఫోటో పంపుతున్నాను. ఆయన ప్రింటు తీసి పోస్టు చేస్తారు.

నేనిప్పుడున్న పల్లెలో మొక్కజొన్న వేస్తారు. రాత్రిళ్లు ఏనుగులు వస్తాయి. వీళ్ల కంచె ఏమిటో తెలుసా? మిరపకాయ! ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎండుమిరప దంచి, లారీల పాతనూనెలో కలిపి, ఆ ముద్దని తాళ్లకూ గుడ్డపేలికలకూ పట్టించి చేను చుట్టూ కడతారు. నేనూ ఒక తాడు పట్టుకున్నాను. తెలియక కళ్లు నలుపుకున్నాను. సాయంత్రం దాకా ఏడుస్తుంటే వాళ్లు పడీపడీ నవ్వారు. పొద్దుగూకే వేళ ఒక ఆడ ఏనుగు పిల్లతో వచ్చింది. తాడుకి నాలుగడుగుల దూరంలో ఆగి, తొండం ఎత్తి గాలి పీల్చింది. పిలవని పెళ్లికొచ్చి, తీరా పందిట్లో చోటు లేక వెనుదిరిగే పెద్దమనిషిలా, ఏమీ జరగనట్టు పక్కకి తిరిగి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం వెనక్కి చూస్తూ వెళ్లింది. నాకు మన చేలే గుర్తొచ్చాయి. మీ గురించి నేను ప్రేమతోనే రాశాను పెద్దమ్మా. ఆ వ్యాసం మళ్లీ చదివించుకో.

ఫోటో అతికించింది కాదు. నేను కంటితో చూసిందే తీశాను, చూసిందే రాశాను. ఇరవై దేశాలు తిరిగాను, ఎక్కడా ఎవరూ నన్ను అబద్ధమాడావని అనలేదు. ఈ ఏడు రాబోయే నా పుస్తకానికి అట్టమీద బొమ్మ అదే. అబద్ధమని రాస్తే నేను రాసిన మిగతావి ఎవరు నమ్ముతారు? రాయలేను.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. ఒక్క ఫోటోకి కాపురం కూలదు. కూలిందంటే పగులు అంతకుముందే ఉండి ఉంటుంది.

మహతి

*

జమ్ములదిన్నె
మే నెల, ఎండలు మండుతున్నాయి

మహతికి సర్దార్‌బీ రాయించేది.

ఏనుగులు మిరపకి భయపడితే నాకేం, భయపడకపోతే నాకేం! ఇక్కడ మిరప ధర పడిపోయి కల్లంలో కాయ అలాగే ఉంది. నీ ఏనుగుల్ని తోలుకొచ్చి తినిపించు. కళ్లలో మిరప పడి సాయంత్రం దాకా ఏడ్చానన్నావు. ఏడుపంటే అదా? నా పొయ్యి దగ్గరికొచ్చి చూడు.

పగులు అన్నావు. నా ఇంటి గోడలో పగులు వెతకడానికి నువ్వెవరివి? నాలుగు రోజులున్నావు. నాకు ఎనభై ఏళ్లని రాశావు. నాకు అరవై ఎనిమిది. వయసే సరిగ్గా చూడలేని కళ్లకి పగుళ్లు కనిపించాయా? నా భర్త పోయాక దూదేకే విల్లు మూలపెట్టి, కౌలుకి రెండెకరాలు పట్టి, ఈ పిల్లవాణ్ణి పెంచాను. ఈ ఊళ్లో నా ఇంటి మీద మాట ఎత్తినవాళ్లు లేరు. రాయరా, ఆగుతావేం? మావాడు కలం ఆపుతున్నాడు.

చీరాలలో మసీదు పెద్దల ముందు కూర్చున్నాం. వాళ్ల పెద్ద ముబీన్ గారు పత్రిక నా ముందు పెట్టారు.

"అమ్మా, ఈ చేను మీదేనా?"

"మాదే."

"ఈ చీర మీ కోడలిదేనా?"

"దానిదే. కానీ మేం కట్టలేదు."

"మరి చీర దానంతటది నడిచెళ్లి కంచె ఎక్కిందా?"

నవ్వారు, నవ్వకూడని చోట. నస్రత్ని అడిగారు. తల వంచుకుంది. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మౌనం నా మెడకు ఉరి అయింది. బక్రీదు దాకా గడువిచ్చారు. ఆలోగా సంగతి తేలకపోతే తెగతెంపులే అన్నారు. పెళ్లయి మూడేళ్లు కాలేదు.

మొదటి ఉత్తరంలో నీకు చెప్పనిది ఒకటుంది. హుస్సేన్ సాహెబ్ వచ్చిన రోజు నేనే పౌరుషంగా కోడలి పెట్టె తెరిపించాను. "చూసుకో, చీర భద్రంగా ఉంది" అందామని. చీర ఉంది. అంచుకి ఎర్రమట్టి ఉంది. తుమ్మముల్లుకి జానెడు చిరిగి ఉంది. ఆయన ఆ చిరుగులోంచి వేలు బయటికి పెట్టి నాకు చూపించాడు.

కాబట్టి నువ్వు అతికించలేదు. ఒప్పుకుంటాను. మరి కట్టిందెవరు? నేను కాదు. నా కొడుకు కాదు, వాడు నా మాట లేకుండా గడ్డిపోచ కదిలించడు. మిగిలింది ఎవరు? ఆ పిల్లే. నా మీద కసితో, నన్ను నలుగురిలో నిలబెట్టాలని పెళ్లిచీర తీసి కట్టింది. నీకు చూపించి ఫోటో తీయించుకుంది. గడువు రోజున పెద్దల ముందు ఇదే చెబుతాను. చెప్పి, ఇలాంటి పిల్ల మాకొద్దని నేనే అంటాను. పరువు పోతే ఆ పిల్లదే పోనీ.

నువ్వు అబద్ధమని రాయక్కర్లేదు. ఆ పిల్లే కట్టిందని ఒక ముక్క రాసి పంపు చాలు. నీకు నిజమంటే అంత ఇష్టం కదా.

సర్దార్‌బీ వేలిముద్ర

*

వేగా దీవులు, నార్వే
మే 29

సర్దార్‌బీ గారికి,

ఇక్కడి దీవుల్లో సముద్రపు బాతులుంటాయి. వేసవి మొదట్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ఊరివాళ్లు వాటికోసం రాళ్లతో, చెక్కలతో చిన్న చిన్న గూళ్లు కట్టి, ఎండిన సముద్రపు నాచు పరిచి ఉంచుతారు. అవి ఉన్నన్నాళ్లూ కుక్కల్ని కట్టేస్తారు, గట్టిగా మాట్లాడరు. నేనున్న ఇంటి ముసలావిడ రోజూ అదే కోటు వేసుకుంటుంది. రంగు మారితే బాతులు బెదురుతాయట. పిల్లల్ని తీసుకుని అవి సముద్రంలోకి వెళ్లిపోయాక, గూట్లో మిగిలిన మెత్తటి నూగు ఏరుకుంటారు. ఒక చెక్క చట్రానికి తీగలు బిగించి, వాటి మీద ఆ నూగు వేసి పుల్లతో గీస్తారు. చెత్త కింద రాలుతుంది, నూగు పైన నిలుస్తుంది. ఆ చప్పుడు వింటే మా వరండాలో హయాత్ పెదనాన్న విల్లు మోగుతున్నట్టే ఉంది. దాంతో దుప్పట్లు కుడతారు. ఆ దుప్పటి కప్పుకుంటే

బాతుల గురించి చాలు. మీ ఉత్తరం చదివి మూడు రోజులు బాతుల గురించే రాస్తున్నాను. రాసింది చింపేస్తున్నాను.

నస్రత్ కట్టలేదు. అంటే, కసితో కట్టలేదు. నేనడిగాను.

కంచె మీద చీరలన్నీ వెలిసిపోయి ఉన్నాయి. ఫోటోలో మట్టిరంగే వస్తోంది. "ఏదైనా మంచి రంగు చీర ఉంటే ఒక్క నిమిషం ఇస్తావా?" అన్నాను. ఆ రోజు మీరు అద్దంకి సంతకు వెళ్లారు. నస్రత్ పరుగెత్తుకెళ్లి పెళ్లిచీర తెచ్చింది. "వద్దులే" అని నేను అనాల్సింది. ఎండ వాలిపోతోంది, ఆ వెలుగు మళ్లీ రాదని అనలేదు. తీసేటప్పుడు ముల్లుకి పట్టి చిరిగింది. "అత్తమ్మకి తెలియకుండా కుట్టేస్తాలే అక్కా" అంది. పెళ్లిచీరలు కూడా కట్టేస్తారన్నది నేను కల్పించి రాసిన వాక్యం. వాక్యం బాగుందని ఉంచేశాను. పుస్తకం పోతుందని మీకు చెప్పలేదు.

తప్పు నాది. కానీ మీరు గడువు రోజున ఆ అమ్మాయి మీద వేయబోయే నింద నాది కాదు. మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో ఆ అమ్మాయి నవ్వగా చూసింది మీరు ఊళ్లో లేని ఆ ఒక్క సాయంత్రమే.

ఇంకొకటుంది. చీర ఒక కొస నస్రత్ కంచె గుంజకి కట్టింది. రెండో కొస గాలికి ఎగరకుండా పట్టుకుని నిలబడ్డ మనిషి ఫోటోలో పడకుండా పక్కకి జరిగాడు. ఆ మనిషి జాన్ బాషా. ఈ ఉత్తరం మీకు చదివి వినిపిస్తున్నదీ అతనే కాబట్టి ఇక్కడ ఆగుతాను.

జాన్ బాషా, మీ అమ్మకి చదువు.

మహతి

*

జమ్ములదిన్నె
బక్రీదు ముందు బుధవారం

మహతీ,

ఇది రాస్తున్నది ఎరువుల కొట్టు వెంకయ్య. నా కొడుకు రాయనన్నాడు.

నీ ఉత్తరం వాడు చదివాడు. బాతులు చదివాడు, నార్వేలో ముసలిదాని కోటు చదివాడు, విల్లు చప్పుడు చదివాడు. చదివి మడత పెట్టాడు. కాగితాలు రెండున్నాయి, చదివింది ఒకటే. నాకు అక్షరం రాదు గానీ కాగితాలు లెక్కపెట్టడం వచ్చు. జేబులోంచి లాక్కుని వెంకయ్య కొట్టుకి తెచ్చాను. వాడూ నా వెనకే వచ్చాడు. వెంకయ్య చదివాడు. చివరి మాటలు చదివి నా మొహం చూడలేక తక్కెడ తుడుచుకున్నాడు. రాయి వెంకయ్యా, తుడుచుకున్నావు.

"ఒరేయ్, చీర పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"మరి ఇదే చేత్తో 'మేం కట్టలేదు, కట్టలేదు' అని రాశావేరా?"

"నువ్వు చెప్పావు, రాశాను. నన్నడిగితే చెప్పేవాణ్ణి."

"పెద్దల ముందో?"

"అక్కడా నువ్వే మాట్లాడావు అమ్మా."

చెంప మీద ఒకటి వేశాను. ముప్పై ఏళ్ల వెధవ, కదల్లేదు. ఆ తర్వాత అన్నాడు: "నస్రత్ తల వంచుకుంది నేరం చేసి కాదు. నేను నోరు తెరుస్తానేమోనని చూసింది. నేను తెరవలేదు."

ఎరువు బస్తా మీద కూలబడ్డాను. ఆ పిల్ల మౌనం నా మెడకు ఉరి అని నీకు రాయించాను చూడు, ఆ ముక్క వాడే రాశాడు. ఆ రోజే కలం ఆపాడు, నేను రాయమన్నాను, రాశాడు.

తెల్లారి లేచేసరికి వాడి బండి లేదు. చీరాల వెళ్లాడట. నాకు చెప్పకుండా వాడు చేసిన పని ఇది రెండోది. మొదటిది ఆ చీర కొస పట్టుకోవడం.

నువ్వు అడిగావు, ఆ పిల్ల తెచ్చింది, వాడు పట్టుకున్నాడు. మీ ముగ్గురి తరఫునా నేను ఊళ్లు పట్టుకుని మొరిగాను. తప్పు నాది అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకోకు. నా ఎదురుగా వచ్చి చెప్పడం వద్దు, నీ మొహం చూడను. చీరాల వెళ్లి ఆ పిల్ల తండ్రికి చెప్పు. నవ్విందని రాశావే, అది కూడా ఆయనకే చెప్పుకో. నాకెందుకు రాశావు? అన్నం ముందు కూర్చుంటే ఆ ముక్కే అడ్డుపడుతోంది.

సర్దార్‌బీ

*

గుంటూరు, బ్రాడీపేట
జూన్ 20

సర్దార్‌బీ గారికి,

చీరాల వెళ్లాను. హుస్సేన్ సాహెబ్ మగ్గం గుంటలోంచి లేవకుండానే మాట్లాడారు. "లోకమంతా తిరుగుతావట గదమ్మా. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్నవాడు పత్రిక చదవడనుకున్నావా?" అన్నారు. నేను చెప్పవలసింది నిలబడే చెప్పాను. కూర్చోమని ఎవరూ అనలేదు. ముబీన్ గారి ముందు కూడా చెప్పాను. వాళ్లు ఆ గొడవ కొట్టేశారు.

అయితే అది అప్పటికే సగం తేలిపోయిందని అక్కడికి వెళ్లాకే తెలిసింది. జాన్ బాషా నాకంటే ముందే వచ్చి పెద్దలకి చెప్పాడట. నత్తినత్తిగా, కానీ మొత్తం చెప్పాడట. నస్రత్ అప్పుడు తల ఎత్తిందని వాళ్లమ్మ చెప్పింది.

పత్రికలో సవరణ వచ్చింది. మీరడిగినంత పెద్దది కాదు, నాలుగు పంక్తులు. కత్తిరించి పంపుతున్నాను. పుస్తకం నుంచి ఆ వ్యాసం, ఆ బొమ్మ రెండూ తీసేయించాను.

నస్రత్ మీకు చెప్పమన్నది ఇది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "చీర చిరుగు నేను కుట్టుకున్నాను. జమ్ములదిన్నె వస్తాను. ఆయనతో వస్తాను. ఆ ఇంటికి మాత్రం రాను. వేరే పొయ్యి పెట్టుకుంటాం."

నేను నస్రత్‌కి క్షమాపణ చెప్పాను, వాళ్ల నాన్నకి చెప్పాను. మీకు చెప్పడానికి ఇంకా నోరు రావడం లేదు. "పరువు పోతే ఆ పిల్లదే పోనీ" అని మీరు రాయించిన కాగితం నా దగ్గరే ఉంది.

మహతి

*

జమ్ములదిన్నె
ఆగస్టు, పత్తి మొలక మీద ఉంది

మహతీ,

వెంకయ్యే రాస్తున్నాడు. నా కొడుక్కి ఇప్పుడు తీరిక లేదు, సంసారం చేసుకుంటున్నాడు.

ఆ కాగితం ఉంచుకో. నా మాట నేను కాదనను. నాలుగు పంక్తుల సవరణ వెంకయ్య భూతద్దం పెట్టి చదివాడు. నన్ను అల్లరి చేయడానికి పేజీ అంత ఫోటో దొరికింది, నిజం చెప్పడానికి చీమ తలకాయంత చోటు దొరికిందా? నీ మీద కోపం పోలేదు. పోతుందని కూర్చోకు. అంత దేశాలు తిరిగిన దానివి, ఎవరింట్లోనైనా పెళ్లిచీర బయటికి తెమ్మని అడిగేముందు ఆ ఇంటి పెద్దదాన్ని ఒక మాట అడగాలని ఏ దేశంలోనూ ఎవరూ చెప్పలేదా?

వాళ్లొచ్చారు. దర్గా వీధిలో గది అద్దెకి తీసుకున్నారు. సామాను దించుతుంటే నేను ఎదురుగా నిలబడి తిట్టాను. వీధంతా విన్నది. నస్రత్ బిందె దించుకుని, ఒక్కసారి చూసి, లోపలికి వెళ్లింది. వాడు గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, ఇక చాలు" అన్నాడు. వాడి నోట ఆ మాట వింటానని అనుకోలేదు. ఇంకో నాలుగు తిట్లు మిగిలి ఉన్నాయి, నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

నెల దాటింది. చేలో పని ముగ్గురం కలిసే చేస్తాం, మాటలుండవు. మధ్యాహ్నం వాళ్ల క్యారేజీ వాళ్లు విప్పుకుంటారు, నా సద్ది నేను విప్పుకుంటాను. నిన్న నాకు జ్వరం వచ్చింది, చేలోకి వెళ్లలేదు. సాయంత్రం చూస్తే అరుగు మీద గిన్నెలో గంజి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో చెప్పడానికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఇవాళ ఆ గిన్నె తోముకుని దర్గా వీధికి వెళ్లాను. నస్రత్ నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాళ్ల గదిలోకి నేను తలుపు తోసుకునే వెళ్లేదాన్ని. నా ఇల్లు, నా తలుపు. ఇక్కడా చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. బయటే నిలబడి దగ్గాను.

"ఎవరూ?" అంది లోపల్నుంచి.

నా దగ్గు దానికి తెలియదా? తెలుసు. తెలిసే అడిగింది.

"సర్దార్‌బీని" అన్నాను. ఇంకా తలుపు తీయలేదు. లోపల పొయ్యి మీద ఏదో చిటపటమంటోంది. వీధిలో నలుగురు చూస్తున్నారు. "లోపలికి రావచ్చా అమ్మాయ్?" అన్నాను.

గడియ చప్పుడు వెంటనే వినిపించలేదు. తిరిగి వచ్చేద్దామనుకున్నాను, కానీ రాలేదు. నిలబడ్డాను.

సర్దార్‌బీ వేలిముద్ర